బొట్టు పెట్టిన నోటు

నా చిన్నప్పుడు దుబాయ్‌లో మా ఇంటి దేవుడి అరలో, వేంకటేశ్వరస్వామి పక్కన, ఒక నియంత కూడా బొట్టు పెట్టించుకున్నాడు. పెట్టింది నేనే.

మా నాన్న అక్కడి డేరా అనే పేటలో రేవు దగ్గర చెక్క ఓడల నుంచి మూటలు దించేవాడు. ఒకసారి ఓ నావికుడు సరదాగా ఇచ్చిన ఉగాండా నోటు తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాని మీద సైనిక దుస్తుల్లో ఒక భారీ మనిషి. ఎవరో మాకేం తెలుసు? అమ్మకు ఏ దేశపు నోటైనా లక్ష్మే. శుక్రవారం దాన్ని అరలో పెట్టమంది. నేను ఆ మనిషి నుదుటికి ఇంత కుంకుమ అద్ది, నాకు బళ్లో సీటు రావాలని మొక్కుకున్నాను. ఫీజు కట్టలేని కూలివాడి కొడుకు బడి గుమ్మం ఎక్కకూడదట! ఆ మంట నాకు ఇంకా ఆరలేదు.

నాకు చదువంటే పక్కింటి మామ్మే. కాకినాడ మనిషి. కొడుకు ఉద్యోగం కోసం ఉగాండా వెళ్లి, అక్కడి ప్రభుత్వం మనవాళ్లందరినీ దేశం వదిలి పొమ్మన్నప్పుడు ఒక్క పెట్టెతో బయటపడి, కొడుకు కుటుంబంతోనే దుబాయ్ చేరింది. రోజూ సాయంత్రం పాత సిమెంటు సంచి కాగితం మీద నా చేత అక్షరాలు దిద్దించేది.

ఆ శుక్రవారం సాయంత్రం అర వైపు దణ్ణం పెట్టబోయిన ఆవిడ చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

"ఒరేయ్, వీడికి బొట్టెవడు పెట్టాడ్రా?"

"నేనే, మామ్మా."

"మమ్మల్ని వెళ్లగొట్టింది వీడేరా."

అమ్మ బిక్కచచ్చిపోయింది. మామ్మ చెప్పులు వేసుకుంది. ఇక రాదు, నా చదువు ఖలాస్ అనుకుని ఏడుపు లంకించుకున్నాను. ఆవిడ గుమ్మం దాకా వెళ్లి, నా ఏడుపు విని, చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వచ్చింది. నోటు తీసి వెనక్కి తిప్పింది. అక్కడ కాఫీ పళ్లు కోస్తున్న ఒక ఆడమనిషి బొమ్మ ఉంది.

"మేం బస్సెక్కుతుంటే ఇలాంటి తోటపనావిడేరా, సిపాయిలు చూస్తున్నా జంకకుండా, మా మనవడికని ఉడకబెట్టిన అరటికాయలు మూటగట్టి తెచ్చింది. పేరైనా అడగలేదు నేను. పెట్టు, ఈవిడకి పెట్టు బొట్టు. వాడి మొహం గోడకేసి ఉండనీ."

పెట్టాను. కుంకుమ ఎక్కువై కాఫీ చెట్టుకూ అంటింది. మామ్మ నవ్వింది. "చెట్టుకీ మంచిదేలే. ఏడుపాపి కాగితం తియ్యి."

బళ్లో సీటు నాకు ఎప్పటికీ రాలేదు. చదివిందంతా ఆ సిమెంటు సంచి మీద మొదలుపెట్టి నాకై నేను చదువుకున్నదే. ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఫ్లెక్సీల నిండా పెద్ద పెద్ద మొహాలు, ఒళ్లు మండుతుంది. వాటి వెనక్కి వెళ్లి, ఆ కర్రలు కట్టడానికి నిచ్చెనెక్కిన కూలీ ఎవరా అని చూస్తాను.

ఆ నోటు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, వాడి మొహం గోడకేసే. శుక్రవారం వచ్చిందంటే, పేరు తెలియని ఆ తల్లికి నేనే బొట్టు పెడతాను.