బట్టీ మేస్త్రి అరచెయ్యి

ఒక్క ఇటుకా పగలకుండా బట్టీ కాల్చడం మేస్త్రి మొదటి గెలుపు. అంతకుముందు మూడు బట్టీలు బుగ్గిపాలయ్యాయి మరి! ఆనాటి నుంచి సెగను అరచేత్తోనే కొలిచాడు, ఒక్కసారీ తప్పలేదు.

ఇప్పుడు, ఫిబ్రవరి నెలాఖరున, కడుపు ఆపరేషనై ఇంట్లో మంచం మీదున్నాడు. కుట్ల దగ్గర చీము ఊరుతోంది. భార్య నుదురు తాకి ఉలిక్కిపడింది.

"ఒళ్ళు కాలిపోతోందండీ! ఆస్పత్రికి పోదాం పదండి."

మేస్త్రి అరచేతిని పొట్ట మీద ఆనించి నవ్వాడు. "నిప్పుతో కాపురం చేసినోడికి సెగ నేర్పుతావటే? ఇది గోరువెచ్చనే."

ఆ చెయ్యీ అంతే కాలుతోందని ఆయనకు తట్టలేదు. పళ్ళు టకటకలాడుతుంటే దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"ఓనరుకు ఫోన్ చెయ్యి. కొత్త బట్టీ నేనే అంటిస్తా. మేస్త్రి తప్పకుండా వస్తాడని చెప్పు, మార్చి మూడో తారీఖున."