మద్రాసులో నేను చదవని తీర్మానం

ఒక మనిషి కాలు విరగడానికి నేను కారణం. కొట్టింది నేను కాదు. అయినా ఇన్నేళ్లుగా ఆ బరువు మోస్తున్నది నేనే. మా ఆవిడకు కూడా చెప్పలేదు. చెప్పాలంటే ఆమె తమ్ముడి సంగతి ఎత్తాలి. ఇప్పుడు ఆమె లేదు. ఈ ఇంట్లో నా మాట వినే మనిషే లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నరసరావుపేటలో మాకొక సైకిలు సంఘం ఉండేది. నేను కార్యదర్శిని. టైర్లు దొరికేవి కావు. దీపం లేకపోతే పోలీసులు జరిమానా వేసేవారు. రోడ్లన్నీ కంకర తేలి ఉండేవి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ ఇబ్బందులు మాకు చెప్పుకునేవారు, మేము తీర్మానాలు చేసేవాళ్లం. మద్రాసులో రాష్ట్ర సంఘం సమావేశమైనప్పుడు శాఖకొకరం వెళ్లి వాటిని చదివితే, అక్కడి పెద్దలు సర్కారుతో మాట్లాడేవారు. ఒక్కడు అడిగితే పట్టించుకోని దొరలు అన్ని జిల్లాలూ కలిసి అడిగితే వినేవారు.

దేవదానం మా సభ్యుడు. బొల్లాపల్లి వైపు మిషన్ బడిలో మాస్టారు. బడికి వెళ్లే దారిలో మా అత్తవారి ఊరు. అక్కడి పెద్దవీధిలో అతన్ని సైకిలు దించి నడిపించేవారు. మాలపల్లెలో పుట్టినవాడు తమ ఎదుట సైకిలెక్కి పోకూడదట. ఆ దించేవాళ్లలో మా బావమరిది ముందుండేవాడు. దేవదానం సంఘానికి చెప్పుకున్నాడు. మేము తీర్మానం చేశాం. చదవాల్సింది నేను.

మద్రాసులో టైర్ల గురించి చదివాను. దీపాల గురించి, రోడ్ల గురించి చదివాను. అక్కడ ఆగిపోయాను. ఇంకేమైనా ఉందా అని అధ్యక్షులవారు అడిగారు కూడా. లేదన్నాను. ఎందుకన్నాను? అత్తవారింట్లో ముఖం ఎలా చూపించాలన్న భయమా? లేక ఎంత సంఘం పెట్టినా, దేవదానం దిగి నడిస్తే మాత్రం ఏం పోయిందిలే అని నాలోనూ ఎక్కడో ఉందా? భయమేనని చాలా కాలం నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఇప్పుడు అలా చెప్పుకునే ధైర్యం కూడా లేదు.

తిరిగివచ్చి రైలు దిగేసరికి అతను స్టేషను బయట నిలబడి ఉన్నాడు.

"ఏమన్నారయ్యా మద్రాసోళ్లు?"

"చెప్పాను. కలెక్టరుకు రాస్తారంట. నీకేం భయం లేదు."

"చానా మేలు చేశారయ్యా. ఇంక నేను సైకిలు దిగను."

ఆ చివరి మాట విన్నాను. అప్పుడైనా నిజం చెప్పి ఉంటే సరిపోయేది. తల ఊపి జట్కా ఎక్కాను.

అన్నట్టే అతను దిగలేదు. పెద్దవీధిలో సగం దూరం తొక్కుకుంటూ వెళ్లాడట. మా బావమరిదీ, మరికొందరూ లాగి పడేసి కర్రలతో కొట్టారు. సైకిలు బావిలో పడేశారు. కుడి మోకాలు చితికిపోయింది. మిషన్ ఆసుపత్రికి చూడటానికి వెళితే, అతను లేవబోయాడు. లేవలేక, పడుకునే దండం పెట్టాడు.

"తమరి తప్పేం లేదయ్యా. కలెక్టరు కాయితం ఇంకా వచ్చుండదు. అందాకా ఆగకుండా నేనే తొందరపడ్డా. సంఘానికి మాట తెచ్చా."

నాకే క్షమాపణ చెప్పాడు. నేను బత్తాయిపండ్లు మంచం పక్కన పెట్టి బయటికి వచ్చేశాను.

మోకాలు మళ్లీ వంగలేదు. ఇక సైకిలు తొక్కే యోగం లేకుండా పోయింది. మిషన్ వాళ్లు అతన్ని రేపల్లె వైపు పంపించేశారు. యుద్ధం అయిపోయి టైర్లు దొరికాక మా సంఘమూ చెదిరిపోయింది. పండక్కి బావమరిది ఇంటికొస్తే పక్కన కూర్చుని భోజనం చేశాను, ఏటేటా. ముద్ద మింగుతూ ఒక్కసారీ అతని ముఖంలోకి చూడలేదు. మా ఆవిడ అది నా పొగరనుకునేది. అనుకోనిచ్చాను.

దేవదానం బతికే ఉన్నాడని విన్నాను. ఒక్క పూట ప్రయాణం. వెళ్లలేదు. వెళతానని మీకు మాటివ్వను, నా మాట ఎలాంటిదో మీకిప్పుడు తెలుసు. నన్ను క్షమించమనీ అడగను. అబద్ధం చెప్పాను. దాన్ని నమ్మి ఒక మంచి మనిషి దెబ్బలు తిన్నాడు. ఇంత చిన్న మాట పైకి అనడానికి ఇన్నేళ్లు పట్టింది. అన్నాను. కాస్త ఊపిరి ఆడుతోంది.