మా వియ్యంకుడి చేతి ముడి

పోయిన వారం ఇక్కడ కువైట్‌లో మా వియ్యంకుడు పోయారు. ఫింటాస్‌లో మా అబ్బాయి ఫ్లాట్‌లో ఆయనదీ నాదీ పక్కపక్క గదులు. పొద్దున్నే, ఇంట్లో పనిచేసే రాయచోటి అమ్మాయి నా తలుపు తట్టి, "సార్, పెద్దాయన ఎంత పిలిచినా పలకల్యా" అంది. నేను వెళ్ళేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. కిటికీ అవతల సముద్రం మీద పాలలాంటి తేమ పరుచుకుని ఉంది. ఎక్కడ నీళ్ళు ఆగి ఎక్కడ ఆకాశం మొదలవుతుందో తెలియడం లేదు.

శుక్రవారం ఫహాహీల్‌లో సంతాపసభ పెట్టారు. తెలుగు సంఘం కార్యదర్శి మైకు పట్టుకుని, "చేపలు పట్టడం ఆయనకో సరదా, చివర్లో కాస్త చాదస్తం" అన్నాడు. ముందు వరసలో కొందరు నవ్వారు కూడా. నాకు మైకు ఇవ్వలేదు. ఇస్తే ఏమంటానో వాళ్ళకు తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. దాదాపు ఉద్యోగజీవితమంతా కువైట్‌లో గడిపినా ఆయన ఇక్కడ ఒక్క చేపను కూడా పట్టలేదు. నది లేని దేశంలో నది కోసం సిద్ధమవుతూ బతికారు. నేను పుస్తకాల మధ్య ముసలివాణ్ణయ్యాను. సిద్ధపడటాన్ని అంత శ్రద్ధగా చేసిన మనిషి వాటిలోనూ నాకు తగల్లేదు.

ఆయనది భీమవరం వైపు. ఇక్కడి అహ్మదిలో ఆయిల్ కంపెనీకి ఇంజనీరుగా రాకముందు, కుర్రతనంలో, హిమాచల్ కొండల్లో ఒక జలవిద్యుత్ పనిలో ఉన్నారు. అక్కడి పై అధికారి సెలవు రోజుల్లో ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళి, ట్రౌట్ చేపను తేలే ఈగతో పట్టడం నేర్పాడట. ఈగ అంటే ప్రాణమున్నది కాదు. చిన్న కొక్కేనికి ఈకలు చుట్టి చేసే బొమ్మ. అది మునగకూడదు, నీటి పొర మీద కాళ్ళు ఆనించి నిలబడాలి. దానికి పుంజు మెడ ఈకలే కావాలి, అవీ బిరుసువి. ఈయన ఊరి నుంచి డేగ పుంజు ఈకలు తెప్పించుకునేవారు. "పందెంలో ఓడినా పర్లేదండి బావగారూ, మెడ బాగుంటే చాలు" అనేవారు.

భార్య పోయాక కూతురి దగ్గరకు వచ్చేశారు. అంతకుముందే నేను కొడుకు దగ్గర చేరాను. కూతురింట్లో మకాం పెట్టాడని పై అంతస్తు పెద్దమనుషులు నా చెవిలో వేసేవారు, మగపెళ్ళివారి తరఫువాణ్ణి గనక సంతోషిస్తానని. నాకు ఆ ఇంట్లో మాట్లాడదగ్గ మనిషి ఆయనొక్కరే అని వాళ్ళకు చెప్పలేదు. చెప్పినా అర్థం కాదు.

ఒకరోజు ఆయన కట్టిన ఈగలు కొన్ని గాలికి నేలమీద పడ్డాయి. రాయచోటి అమ్మాయి మా కోడలితో (ఇక్కడ పనివాళ్ళు ఇంటావిడను 'మామా' అనే పిలుస్తారు), "మామా, పెద్దాయన గదిలో ఏందో పురుగులు రాలిపడింటే ఊడ్సి పారేసినా" అంది. కోడలు చెత్తబుట్ట దగ్గరకు పరుగెత్తింది. ఈయన మాత్రం మురిసిపోయారు. "ఇంతకన్నా ఇంకేం కావాలండీ నాకు!" ఆనాటి నుంచి కట్టిన ప్రతి ఈగనూ ఆ అమ్మాయికి చూపించేవారు.

"ఏమ్మా, ఇది కుడుతుందా?"

"కుట్టేట్టే ఉండాది పెద్దాయనా. దూరంగా పెట్టుకో."

సాయంత్రాలు సముద్రపు ఒడ్డున గడ్డిలో నిలబడి, గాలపు కర్ర దారానికి కొక్కెం లేకుండా, చివర ఉన్నిపోగు కట్టి విసిరేవారు. దారం ఆయన తల వెనక్కి వెళ్ళి, తెరుచుకుని, కాసేపు గాలిలోనే ఆలోచిస్తున్నట్టు ఆగి, ముందుకు వచ్చి వాలేది. ఒకసారి తెల్లటి దిష్‌దాషా వేసుకున్న కువైటీ ముసలాయన ఆగి, "వేన్ సమక్?" అన్నాడు, చేప ఏదీ అని. ఈయన "బుక్రా" అన్నారు, రేపు అని. ఆ ముసలాయన తనివితీరా నవ్వి, పక్కన బల్ల మీద కూర్చుని చీకటి పడేదాకా చూశాడు. మన కార్యదర్శికి ఆ మర్యాద రాదు.

నిరుడు వేసవి చివర ఆయనకు చిన్నగా పక్షవాతం తగిలింది. నడక తిరిగి వచ్చింది, మాట వచ్చింది. కుడి అరచెయ్యీ వేళ్ళూ మాత్రం మొద్దుబారిపోయాయి. చెయ్యి కదులుతుంది గాని ఏది తగిలినా తెలియదు. అప్పటికే ఏప్రిల్‌లో హిమాచల్ వెళ్దామని అనుకుని ఉన్నాం. అందరూ వద్దన్నారు. ఆయన కూడా ఒక షరతు పెట్టుకున్నారు. ఈగను దారానికి కట్టే ముడి తన చేత్తో పడితేనే ఏట్లోకి దిగడం, లేకపోతే ఆ కర్రను ఎవరికైనా ఇచ్చేసి ఇక ఆ మాటే ఎత్తకపోవడం.

"ముడి నేను వేసిపెడతాను బావగారూ, మీరు విసరండి" అన్నాను.

"మీరు వేస్తే అది మీ చేపండి. నేనేం చేసుకుంటాను?"

"అయితే లావు దారం కట్టుకోండి."

"తాడు కట్టిన ఈగను చేప నమ్ముద్దా అండీ? ఈగకు పనుండదు. నీళ్ళు ఎటు తీసుకెళ్తే అటు పోద్ది. పనున్నదాన్లా కనపడిందా, చేప మొహం తిప్పేసుకుంటుంది. కార్యదర్శిని చూసి మనం తిప్పుకోమూ, అలాగ."

చలికాలమంతా భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. మొదట బూటు లేసు, తర్వాత పురికొస, ఆ తర్వాత నైలాను. ఒక కొసను పళ్ళతో పట్టుకుని, ఎడమచేత్తో చుట్లు తిప్పి, కుడిచేతి వేళ్ళను కళ్ళతో నడిపించేవారు. నేను ఎదురుగా పుస్తకం తెరుచుకుని కూర్చునేవాణ్ణి.

"పడిందా?"

"పడలేదండి. మీ గొంతు తగ్గిస్తే పడుద్ది."

కూతురు వచ్చి, "నాన్నా, ఎందుకీ పంతం, కళ్ళు పోతాయి" అనేది. ఆయన నవ్వి, విడిపోయిన ముడిని మళ్ళీ మొదలుపెట్టేవారు. బల్ల మీది దీపం కింద వెంట్రుకంత దారం కనబడీ కనబడకుండా మెరిసేది. ఆయన గాలిని ముడివేస్తున్నారేమో అనిపించేది. మేము బయల్దేరేనాటికి కూడా ఆ సన్నదారం ఆయనకు లొంగలేదు. అయినా బయల్దేరాం.

ఏటి ఒడ్డున రాతి మీద కూర్చుని ఆయన తొందరపడలేదు. కర్ర ముక్కలను ఒకదానిలో ఒకటి దూర్చి, రింగులన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో ఒక కన్ను మూసి చూసుకున్నారు. దారం చుట్టుకునే చక్రం బిగించారు. విసురుకు బరువిచ్చే లావు లైనును మడిచి, ఆ మడతను రింగుల్లోంచి పోనిచ్చారు, చెయ్యి జారినా వెనక్కి పారిపోకుండా. లైనుకు మైనం రాశారు తేలడానికి. లైను కొసన ఈగను కట్టే మూరెడు సన్నదారానికి మాత్రం రాయలేదు. అది తేలితే నీటి మీద మెరిసి చేపను బెదరగొడుతుందట. కొక్కెం మీది ముల్లును పట్టకారుతో నొక్కేశారు, పట్టిన చేపను వదిలేయడానికి. చివరికి ఈగను తీశారు. నేను ఏటివైపు తిరిగి నిలబడ్డాను. దేవదారుల మీద ఎండ దిగుతోంది. నీళ్ళు ఏదో చెబుతూ, చెప్పింది మరిచిపోతూ పోతున్నాయి. ఎంతసేపైందో తెలియదు. "బావగారూ, కాస్త ఉమ్మి ఆదుకుంది గాని లేకపోతే..." అన్నారు వెనక నుంచి. తిరిగి చూస్తే ముడిని పెదాల మధ్య తడిపి, బిగిస్తున్నారు. లాగి చూశారు. నిలిచింది.

మోకాలిలోతు నీళ్ళలో దిగి ప్రవాహానికి ఎదురుగా విసిరారు. ఈగ వాలి, ఎవరికీ సంబంధం లేనిదానిలా మా వైపు తేలి వచ్చింది. రెండు రాళ్ళ మధ్య నీరు కొంచెం ఉబ్బింది. ఈగ లేదు. నేను ముడినే తలుచుకున్నాను. ఆయన కర్ర ఎత్తి, నెమ్మదిగా, ఎవరితోనో మాట్లాడుకుంటున్నట్టు, దాన్ని దగ్గరకు తెచ్చుకున్నారు. బంగారు రంగు ఒళ్ళు, మీద ఎర్రటి చుక్కలు. కొక్కెం విడదీసి, మొద్దుబారిన కుడి అరచేతిని నీళ్ళలో పెట్టి, చేపను ప్రవాహానికి ఎదురుగా దాని మీద ఆనించి, వేళ్ళు తెరిచారు. కళ్ళు మూసుకున్నారు.

కొంతసేపటికి, "వెళ్ళిందా బావగారూ?" అని అడిగారు.

నేను వంగి చూశాను. తెరిచిన ఆ చేతిలో చేప ఇంకా అక్కడే ఉంది. తోక మెల్లగా ఆడిస్తూ, నీళ్ళను మింగుతూ.