బుడగలమ్మ

సీసాల ఫ్యాక్టరీలో ఆమెను అసలు పేరుతో పిలవడం అందరూ ఎప్పుడో మానేశారు. మెషిన్ల మరమ్మతు బాధ్యత ఆమెదే. ఓ చేతిలో సబ్బునీళ్లు, ఇంకో చేతిలో పాత పెయింటు బ్రష్షు పట్టుకుని, మెషిన్లను నడిపే గాలి గొట్టాల వెంట తిరుగుతుంది. అతుకు మీద సబ్బునీళ్లు పూస్తే బుడగలు లేచాయా, అక్కడ గాలి కారుతున్నట్టే. అలా బుడగలమ్మ అయింది.

గాలే కదా పోతే పోయిందని అందరి ధీమా. ఆ గాలిని ఒత్తిడితో గొట్టాల్లోకి ఎక్కించడానికి కంప్రెసర్ కరెంటు తాగుతుందనీ, ఆ కరెంటు కోసం ఎక్కడో బొగ్గు మండి పొగ పైకి పోతుందనీ చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది.

మేనేజరు మనసంతా కప్పు మీద వేయించబోయే సోలార్ పలకల మీదే ఉంది.

"వేయించండి సార్, వద్దన్నానా? ముందు కారేది ఆపండి. లేదంటే ఎండ కరెంటు కూడా ఈ చిల్లుల్లోంచే పోతుంది."

"పలకలైతే వచ్చినవాళ్లకి కనిపిస్తాయమ్మా. నువ్వు మూసిన చిల్లు ఎవరికి చూపించను?"

ఆమెకు ఒళ్లు మండింది. సెలవు రోజున ఏదో కొంప మునిగినట్టు ఫోన్ చేసి ఆయన్ని రప్పించింది. మెషిన్లన్నీ ఆగి ఉన్నాయి. కంప్రెసర్ మాత్రం రొప్పుతూనే ఉంది.

"ఇప్పుడు గాలి ఎవరు వాడుతున్నారు సార్?"

ఆయన చెవి రిక్కించాడు. నాలుగు మూలల నుంచీ బుస్సుమంటోంది.

"పాముల పుట్టలా ఉందేమిటిది!" అన్నాడు. ఆ పూటే సామాన్లు తెప్పించుకోమన్నాడు.

ఒక్కో అతుకూ బిగిస్తూ వచ్చింది. ప్యాకింగ్ బల్ల దగ్గరి గొట్టం మాత్రం ఆమెతో ఆడుకుంది. చిల్లు మూసి వెళ్తే మర్నాటికి పక్కనే కొత్తది, మేకుతో పొడిచినట్టు గుండ్రంగా.

"ఎవరిదీ పని?" అని అరిచింది.

"నాదే" అంది సీసాలు సర్దే పెద్దామె, తలైనా ఎత్తకుండా. "ఈ వేడి అచ్చుల పక్కన ఓ పూట నిలబడి చూడు తల్లీ. ఆ చిల్లులోంచి వచ్చే గాలే మాకు దిక్కు."

నిలబడి చూసింది. కాసేపటికే జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. కోపం తగ్గలేదు గానీ గొంతు తగ్గింది.

"ఫ్యాన్ కావాలని ముందే అడగొచ్చుగా పెద్దమ్మా!"

"అడగలేదనుకున్నావా? ఫ్యాన్లకి కరెంటు దండగన్నారు మీ మేనేజరు గారు."

బుడగలమ్మ తల పట్టుకుంది. విసవిసా మేనేజరు గదికి వెళ్లింది.

"ఆ ఒక్క చిల్లు మింగే కరెంటుతో వాళ్లందరికీ ఫ్యాన్లు తిరుగుతాయి సార్! ఎవరితో మొరపెట్టుకోను నేను?"

ఆయన అప్పటికప్పుడే ఫ్యాన్లకి ఆర్డరు పెట్టాడు. ఫ్యాన్లు వచ్చాయి. గొట్టానికి మళ్లీ మేకు పడలేదు. కంప్రెసర్ ఇప్పుడు మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది. సెలవు రోజున పూర్తిగా ఆపేస్తున్నారు.

ఆ శబ్దం ఆగినప్పుడల్లా ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. నిన్న అలా ఆగిందో లేదో, వెనక ఎక్కడో బుస్సుమంది. తిరిగి చూస్తే ఓ కుర్ర మెకానిక్ గాలి గొట్టంతో ఒంటిమీది దుమ్ము ఊదుకుంటున్నాడు.

"చొక్కా దులుపుకోడానికి చేతుల్లేవా నాయనా!" అంటూ అటు నడిచింది.