యాసిడ్‌కు నీళ్లు

ఒక అబద్ధం నా గొంతుల ఇరుక్కొని చాన ఏండ్లాయె. మింగుడు పడదు, కక్కరాదు. మీరెవరో నాకు తెల్వదు. నేనెవరో మీకు చెప్ప. గట్లయితేనే ఇది బయటికొస్తది. పేరు పెట్టుకొని చెప్పే ధైర్యమే ఉంటే ఆ రోజు హెడ్మాస్టర్ రూములనే చెప్పేదాన్ని గద.

ముందే ఒక సంగతి. నేను ఏడ్చుకుంట రాస్తలేను. కోపంతోని రాస్తున్న. ఎవరి మీద అంటే చానమంది ఉన్నరు, కని అందరికంటె ముందు నా మీద. రాత్రి పండుకుంటే ఒళ్లు మండుతది. మా ఆయన ఏమైందంటడు. ఏం లేదంట. అదింకో అబద్ధం.

నేను సైన్స్ టీచర్‌ను. నారాయణపేట దిక్కు ఒక సర్కారు హైస్కూల్ల ఫిజికల్ సైన్స్ చెప్త. పుట్టింది నల్గొండ పక్క పల్లెల. పదో తరగతి, ఇంటరు అంత తెలుగు మీడియమే. డిగ్రీకి నల్గొండ పోతే ఇంగ్లీషు మీడియంల ఏసిన్రు. మొదటి ఏడాదంత మూగదాని లెక్క కూసున్న. సారు ఏదన్న అడిగితే తలకాయ కిందికి ఏసేదాన్ని. జవాబు తెల్వక కాదు. తెలుసు. కని అది నా నోట్లె తెలుగుల ఉంటుండె, ఆయనకు ఇంగ్లీషుల కావాలె. ఒకనాడు ధైర్యం చేసి తెలుగుల చెప్తే క్లాసంత నవ్విన్రు. హాస్టల్‌కొచ్చి దుప్పటి కప్పుకొని ఏడ్చిన. జాలి పడుండ్రని చెప్తలేను. ఆ బాధ నాకు తెల్వదు అనే మొఖం నాకు లేదని చెప్తున్న. తెలిసే చేసిన.

తెలంగాణ వచ్చిన కొత్తల మా బడి ఉన్న ఊర్లెకు ప్రైవేటు బడుల పసుపు బండ్లు వచ్చి పిల్లల్ని ఎక్కించుకొని పోతుండె. మా క్లాసులు ఖాళీ అయితున్నయి. ఇంగ్లీషు మీడియం పెట్టకపోతే బడి మూతే అన్నరు. పెట్టిన్రు. ఏడో తరగతి దాక తెలుగుల చదివిన పిల్లల చేతికి ఇంగ్లీషు పుస్తకం ఇచ్చిన్రు. మమ్మల్ని ట్రైనింగ్ అని పిలిచిన్రు, చాయ్ బిస్కెట్లు పెట్టిన్రు, ఇగ ఇంగ్లీషుల చెప్పుండ్రి అన్నరు. అయిపోయింది! పుస్తకం మారిస్తే పిల్లల బుర్రల భాష గూడ మారుతదా? గా కుర్సీల కూసున్నోళ్లకు గింత సోయి ఉండొద్దా? అప్పుడే లేచి అడగాలె. నేను అడగలే. అడగకపోగా అందరికంటె ముందల ఉరికిన.

అవును, ఉరికిన. నా క్లాసుల తెలుగు బంద్ అని రూల్ పెట్టిన. ప్రశ్న అడిగినా ఇంగ్లీషుల్నే అడగాలె. ఇది పిల్లల మంచి కోసమే అని అందరికి చెప్పుకున్న, నాకు నేను గూడ చెప్పుకున్న. ఇప్పుడు నిజం చెప్త. నాకొచ్చిన ఇంగ్లీషు ఆ పుస్తకంల ఉన్నంతనే. దాన్ని దాటి ఒక్క మాట అడిగితే నేను దొరికిపోత. పిల్లలు నోరు మూసుకుంటే నా గుట్టు బయట పడదు. ఆ రూల్ వాళ్ల కోసం కాదు, నన్ను నేను దాసుకునేతందుకు.

పాఠంల ఒక్కొక్క ముక్క బోర్డు మీద రాసేదాన్ని, అందరితోని అనిపిచ్చేదాన్ని. వాళ్లు ఒక్క గొంతుతోని ఒర్రేటోళ్లు. "యాడ్ యాసిడ్ టు వాటర్!" వరండాల పోయే టీచర్లు ఆగి, అబ్బ, మేడం క్లాసు చూడుండ్రి, ఏం ఇంగ్లీషు అనేటోళ్లు. నాకు మస్తు సంబురమయ్యేది.

ఆ ముక్క గురించి మీకు చెప్పాలె. గాఢమైన యాసిడ్‌ల నీళ్లు పొయ్యొద్దు. పోస్తె బుస్సుమని కాగి మొఖం మీదికి చిమ్ముతది. నీళ్లల్లనే యాసిడ్‌ను కొద్దికొద్దిగ పొయ్యాలె. ఆ పాఠమంత మర్చిపోయినా ఫరక్ పడదు, ఇదొక్కటి యాదికుండాలె. తెలుగుల చెప్తే ఎంతసేపు? ఇప్పుడు మీకు చెప్పినంతసేపే.

ఆ క్లాసుల ఒక పిల్ల ఉండె. మంజుల అనుకోండ్రి, అసలు పేరు కాదు. పదో తరగతి. నాయిన మగ్గం నేస్తడు. పొద్దుమీకి బడి అయిపోయినంక ఆ పిల్ల ఇంట్ల కండెలకు నూలు చుడుతది. పెద్దయినంక నర్సయిత అనేది. తెలుగు మీడియంల ఉన్నప్పుడు, మేడం ఇదెందుకు, మేడం అదెందుకు అని పానం తినేది. ఇంగ్లీషు మీడియం వచ్చినంక ఆ నోరు పడిపోయింది. నేను దాన్ని చూసి, పిల్ల బుద్ధిగ అయిందనుకున్న. అనుకున్ననా? లేకపోతే అట్ల అనుకుంటే నాకు సుఖమని అనుకున్ననా?

పైనుంచి ఒక ఆఫీసర్ మా క్లాసు చూడ వస్తున్నడని తెలిసింది. నాకు ఉషారు ఎక్కువైంది. నేను చేసి చూపిస్తే ఏముంది? పిల్లలే బోర్డు మీద ఇంగ్లీషు చదువుకొని ప్రయోగం చెయ్యాలె, ఆయన నోరెళ్లబెట్టాలె. మంజుల చెయ్యి వణకదు, అందుకని ఆమెను పెట్టిన. ముందటి రోజు గంట కొట్టినంక ఆ పిల్ల నా టేబుల్ కాడికొచ్చింది.

"మేడం, ఏది ఏంట్ల పొయ్యాలె?"

"ఆస్క్ ఇన్ ఇంగ్లీష్," అన్న.

నోరు తెరిచింది. "మేడం... విచ్..." అని ఆగింది. మొఖం ఎర్రగయింది. ఇంకో మాట కోసం ఎతుకుతాంది, దొరుకుత లేదు. నేను వాచీ దిక్కు చూసుకున్న. రేపు బోర్డు మీద ఉంటది, చదువుకొని చెయ్ అన్న. అది గూడ ఇంగ్లీషుల్నే అన్న. ఆ పిల్ల తల ఊపి పోయింది.

తెల్లారి ఆఫీసర్ వచ్చి ఎనుక బెంచీల కూసున్నడు, పక్కకు హెడ్మాస్టర్ సారు. నేను బోర్డు మీద రాసిన. మంజుల గట్టిగ చదివింది, ఒక్క తప్పు లేదు. ఆఫీసర్ మంచిగుంది అన్నట్టు తలకాయ ఊపిండు. ఆ పిల్ల ఒక్కసారి నా దిక్కు చూసింది. నేను నవ్విన. నవ్వి, మల్ల ఆఫీసర్ మొఖమే చూసుకుంట నిలబడ్డ. పిల్ల చెయ్యి చూడలే. నీళ్ల గ్లాసు ఎత్తి యాసిడ్‌ల పోస్తుంటే చూడలే. సప్పుడైనంక చూసిన. ఆమె ఒర్లినంక చూసిన.

చెయ్యాల్సిన పని ఒక్కటి మాత్రం చేసిన. పిల్లను నల్లా కిందికి గుంజుకపోయి నీళ్లు పోసుకుంటనే ఉన్న, ఆటో వచ్చెదాక. దవాఖానల కండ్లకు ఏం కాలేదన్నరు. ముంజేయి కాలింది, గదుమ కింద, మెడ పైన కాలింది.

రెండు మూడు రోజులకు మంజుల చేతి కట్టుతోనే వాళ్ల నాయినతోని బడికొచ్చింది. హెడ్మాస్టర్ రూముల నలుగురమే ఉన్నం. సారుకు భయం, ఎక్కడ కంప్లైంట్ అయితదో అని. నాకు అంతకంటె ఎక్కువ భయం.

"ఎట్లయింది బిడ్డా?" అన్నడు సారు.

"బోర్డు మీద ఉన్నట్టే చేసిన సార్."

"బోర్డు మీద నీళ్లల్ల యాసిడ్ పొయ్యమనే ఉండె గద?"

"కాదు సార్. యాసిడ్ టు అంటే యాసిడ్‌కు. వాటర్ అంటే నీళ్లు. యాసిడ్‌కు నీళ్లు కలుపమని ఉండె."

నాకు అక్కడనే సమజయింది. సారుకు కాలే, నాకు అయింది. మన భాషల 'కు' అనేది మాటకు ఎనుక అతుకుతది. అమ్మకు, బడికి, నాయినకు. ఇంగ్లీషుల 'టు' ముందలొస్తది. ఆ పిల్ల పుట్టినప్పటి సంది మాట్లాడే తీరుగ 'టు'ను తెచ్చి యాసిడ్ ఎనుక అతికిచ్చింది. మొద్దయితే గింత ఆలోచన చెయ్యదు. సొంతంగ కూసొని, ఒక్కొక్క మాటకు అర్థం తీసి, జోడిచ్చుకొని చేసింది. ఆమెకున్న తెలివి అంత పెట్టి చదివింది. అది గట్ల కాదు బిడ్డా అని చెప్పాల్సిన మనిషి వాచీ చూసుకున్నది.

సారు నా దిక్కు తిరిగిండు.

"సాకులు సార్," అన్న. "నేను తెలుగుల గూడ చెప్పిన. రెండుసార్లు చెప్పిన. ధ్యాస లేదు పిల్లకు."

"చెప్పలే మేడం." మంజుల గొంతు చాన చిన్నగ వచ్చింది. "మీరు చెప్పలే."

వాళ్ల నాయిన కుర్సీల కూసొమ్మన్నా కూసోలే, గోడ కాడనే నిలబడ్డడు. బిడ్డ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "ఏయ్, మేడం అబద్ధమాడుతరానే?" అన్నడు. "సదువు చెప్పే తల్లిని పట్టుకొని గట్లంటవా? మొక్కు. కాళ్లు మొక్కి తప్పయిందను."

ఆమె వంగింది. కట్టున్న చెయ్యి పక్కకు పెట్టుకొని రెండో చేత్తోని నా కాళ్లు ముట్టింది. "తప్పయింది మేడం," అన్నది.

నేను కాళ్లు ఎనుకకు తీసుకోలే. పర్వాలేదు లే అన్న. పర్వాలేదంట! ఆ మాట గుర్తొస్తె నా చెంప మీద నేనే కొట్టుకోబుద్ధయితది.

ఎందుకన్న? సస్పెండ్ చేస్తరని భయం. పేరు పోతదని భయం. అదంత నిజమే. కని రెండుసార్లు అని ఎందుకన్న? ఒక్కసారంటే నమ్మరనా? అబద్ధాన్ని లెక్కపెట్టి చెప్తే నిజం లెక్క వినబడుతదని నాకెవరు నేర్పిన్రు? ఎవరు నేర్పలే. నా అంతల నాకే వచ్చింది. ఇంగ్లీషుల ఒక్క సొంత మాట రాని నాకు, ఆ మాట తెలుగుల ఎంత సాఫ్‌గ వచ్చిందో చూడుండ్రి.

పిల్ల ధ్యాస లేక చేసుకున్నదని సారు, ఆఫీసర్ కలిసి మాటల్లనే ఖతం చేసిన్రు. ఆ ఏడే నాకు శాలువ కప్పిన్రు, ఇంగ్లీషు మీడియంల మంచిగ చెప్తున్ననని. కప్పించుకున్న. మంజుల పది పాసయింది. నర్సు కావాలంటే ఇంటర్‌ల సైన్స్ గ్రూపు తీసుకోవాలె, తీసుకోలే. ఎందుకే అని దోస్తులు అడిగితే, సైన్స్ నాకు రాదు అన్నదంట. సైన్స్ రానిది ఆమెకా!

తర్వాత నేను మారిన అని రాస్తె మీకు మంచిగనిపిస్తది. మారిన మాట నిజమే. ఇప్పుడు బడంత ఇంగ్లీషు మీడియమే, అయినా ముందు తెలుగుల చెప్పి, వాళ్లతోని తెలుగుల చెప్పిచ్చుకొని, అప్పుడు ఇంగ్లీషుకు పోత. అయితే? అది మంజులకు ఏం పనికొచ్చింది? వేరే పిల్లలకు మంచి చేసి ఆమె బాకీ కట్టిన అనుకుంటె అదింకో మోసం.

మొన్న మంజుల తమ్ముని పెండ్లయింది. వాళ్ల నాయిన నా ఇంటికే వచ్చి కార్డిచ్చి, మేడం మీరు తప్పకుంట రావాలె అన్నడు. పోకుంటె బాగుండదని పోయిన. ఫంక్షన్ హాల్ల తింటుంటె మంజుల ఎతుక్కుంట వచ్చింది, భర్తతోని, బిడ్డతోని. షాద్‌నగర్‌ల ఉంటున్నరంట. ఒక కంపెనీల ప్యాకింగ్ పని చేస్తాంది. గదుమ కింద మచ్చ అట్లనే ఉంది.

"మా సైన్స్ మేడం," అని భర్తకు చెప్పింది. "నేను యాసిడ్ చిందిచ్చుకున్న అని చెప్త గద, ఈ మేడం క్లాసుల్నే."

ఆయన నవ్విండు. "మొద్దు మేడం ఇది. ఇంట్ల గూడ గట్లనే, చెప్పింది వినదు."

మంజుల గూడ నవ్వింది. కోపం లేదు, ఏం లేదు. మనసుల ఏమన్న పెట్టుకున్నదా అని ఆ మొఖంల ఎతికిన. ఉంటె బాగుండు అనుకున్న. తిడితే పడేదాన్ని. మస్తుమంది ముందల తిట్టినా పడేదాన్ని.

"నాకు అప్పుడు బుర్ర లేకుండె మేడం," అన్నది. "మీరు తెలుగుల గూడ రెండుసార్లు చెప్పిన్రు. నాకు మంచిగ యాదికుంది. నేనే ఇనలే."

ప్లేటు చేతిల ఉంది. అన్నం నోట్లె ఉంది. ఏం చెయ్యాలె? ఆ రూముల, చెప్పలే మేడం అన్న పిల్ల ఆమెనే. ఆ ఒక్క నిజమన్న ఆమె దగ్గర ఉండె. అది గూడ పోయింది. నా అబద్ధం ఆమెకు యాది అయి కూసున్నది. చెయ్యి కాలింది నా నిర్లక్ష్యంతోని, సరే. కని తన కండ్లతోని చూసిన దాన్ని తనే నమ్మకుంట అయింది గద, అది నేను చేసిన. అందరు ఆ పిల్లనే తప్పంటె, ఎన్ని ఏండ్లని ఒక్కతే నిలబడుతది?

నేను అప్పుడన్న చెప్పలే. నవ్విన. బిడ్డ పేరేందని అడిగిన. ఫొటో దిగుదాం రాండ్రి మేడం అంటె పోయి పక్కకు నిలబడ్డ.

మాఫ్ చెయ్యమని రాస్తలేను. నన్ను మాఫ్ చేసే పని గూడ ఆమె మీదనే ఏసుడా? వద్దు. ఇది ఆమె చదువుతదో లేదో గూడ తెల్వదు. నా కోపం నాకుండనీ. కని గొంతుల ఉన్నది ఇంతకాలానికి బయటికి తీస్తున్న, మీ ముందల, మీరు ఎవరైతే ఏంది. ఇది రాస్తుంటె ఊపిరి ఆడుతాంది.

మంజులా, నీకు యాదున్నది తప్పు. రూముల నువ్వన్నదే నిజం. నేను తెలుగుల చెప్పలే. రెండుసార్లు కాదు, ఒక్కసారి గూడ చెప్పలే.