వెనక సీటు బరువు

మా ఆయన బండి పడేసిన రోజు నా మణికట్టు విరిగింది, ఆయన మోచేయి కాస్త గీరుకుంది. ఇల్లు చేరేసరికి తప్పంతా నా నడుముది అయింది.

తెలంగాణ ఉద్యమం రాజుకున్న చలికాలం అది. కోరుట్ల నుంచి సిరిసిల్లలో మా అమ్మగారింటికి పోతున్నాం. ముందురోజు బంద్‌కు అడ్డం పెట్టిన బండరాళ్లు రుద్రంగి దాటాక రోడ్డు మీద ఇంకా అట్లాగే ఉన్నాయి. నడుమ ఒక బండి పోయేంత సందు ఉంది. మా ఆయన పనిచేసేది బోరు మోటార్ల దుకాణంలో. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరితోనో మోటారు బేరం ఆడుతున్నాడు. మెడ ఒక పక్కకు వంగి ఉన్నవాడికి సందు ఎక్కడుందో ఏం కనబడుతుంది? ముందు చక్రం రాయికి కొట్టుకుంది. ఇద్దరం రోడ్డు మీద పడ్డాం.

పక్కన పత్తి ఏరుతున్న ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి నన్ను లేపారు. "వెనక బరువుండె అక్కా, బండి ఆగలే" అన్నాడు మా ఆయన, వాళ్లలో పెద్దామెతో. నా చేతికేమైందని అడగకముందే అన్నాడు. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, నిజమే కదా అన్నట్టు తలూపింది. విరిగిన చేతి కంటే ఆ తలూపుడే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఆ మాట మాకంటే ముందు సిరిసిల్ల చేరింది. సాంచెల చప్పుడులో పక్కవాడి మాట పక్కవాడికి వినబడని మా వాడలో కూడా అది అందరికీ వినబడింది. సాంచెలంటే మరమగ్గాలు. మా అన్న నవ్వాడు, వదిన నవ్వు ఆపుకుంది. మా అమ్మ అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె వెనక్కి తీసుకుంది. ఫోను సంగతి నేను చెబితే, కట్టుకున్నవాడి మీద చాడీలు చెబుతున్నానన్నారు. కోరుట్లలో మా అత్త ఇంకో మెట్టు పైకెక్కింది. ఇక నేను ఆమె కొడుకు బండి ఎక్కకూడదని తీర్పు చెప్పింది. అప్పటి నుంచి పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఆయన బండి మీద, నేను బస్సులో. దిగి నడిచొచ్చేసరికి చుట్టాలంతా గుమ్మంలో నిలబడి ఆ కథ మొదటి నుంచి చెప్పించుకుని నవ్వేవాళ్లు. ఆయన ప్రతిసారీ కొత్తగా చెప్పేవాడు. రాళ్లు సారిసారికీ చిన్నవయ్యేవి, నేను పెద్దదాన్నయ్యేదాన్ని.

నేను లావుగా ఉన్నమాట నిజం. కాదనను. జగిత్యాలలో ఒక కాన్పుల దవాఖానాలో నర్సును. కాన్పు అయిన ప్రతి ఇంటివాళ్లూ మిఠాయి డబ్బా పట్టుకొస్తారు. ముందు డాక్టరమ్మకు, తర్వాత మాకు. వద్దంటే ఒప్పుకోరు, నోట్లో పెట్టేదాకా వదలరు. ఊరందరి సంతోషం వచ్చి నా నడుం మీద కూర్చుంది. రోజూ గర్భిణీలను తూకం మిషన్ ఎక్కించి బరువు రాసేదాన్ని, నేను మాత్రం దాన్ని కాలితో పక్కకు జరిపి పోయేదాన్ని.

కోరుట్ల నుంచి డ్యూటీకి బస్సులో పోయి వచ్చినన్నాళ్లు ఎట్లాగో గడిచింది. కానీ వారానికో బంద్, లేకపోతే రాస్తారోకో. బస్సులు లేని రోజు షేర్ ఆటోల కాడికి పోతే, డ్రైవరు నన్ను చూసి ఇద్దరి జాగా పోతుందని మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఒకడైతే ఇద్దరి కిరాయి అడిగాడు. బంద్‌కు బస్సులు ఆగుతాయి గానీ నొప్పులు ఆగవు. రెండుమూడు సార్లు డ్యూటీకి అందుకోలేకపోయాక డాక్టరమ్మ పిలిచి, ఇంకోసారి ఇట్లయితే జగిత్యాలలోనే ఉండే పిల్లను పెట్టుకుంటానంది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన కళ్లలో వెలుగు నేను చూశాను. "మానెయ్. ఎవలు జెయ్యమన్నరు?" అన్నాడు. బండి మీద దింపమని మాత్రం నేను అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు.

ఆ నౌకరి నాకు జీతం కోసమే కాదు. నన్ను నా బరువుతో కాకుండా నా చేతిపనితో చూసే జాగా భూమ్మీద అదొక్కటే ఉండేది. అది పోతే ఇక నేను మిగలనని భయం పట్టుకుంది. భయం కంటే ముందు కోపం పట్టుకుంది.

మా మామ పోయాక ఆయన పాత బండి పెరట్లో రేకుల కింద పడి ఉంది. సందు చివర రిపేరు షాపు పెట్టుకున్న సాయిబును పిలిపించి బాగు చేయించాను. చిన్నప్పుడు మా నాన్న మోపెడు నడిపినదాన్ని, గేర్లు ఒక్కటే కొత్త. సాయిబు బండి చుట్టూ తిరిగి, తుడిచి, కిక్కు కొట్టి చూపించి ఉన్నమాట చెప్పాడు. "బండి మంచిగనే ఉన్నది అక్కా. నీకే దమ్ము సాలది."

అది కూడా నిజమే. నాలుగు కిక్కులకు ఆయాసం వచ్చి గడప మీద కూర్చున్నాను. మరునాడు స్టార్టయింది, సందు మలుపులో పడిపోయింది. బరువంతా నా మీదే ఉందనుకున్న ఊరు ఆ బండి బరువు చూడాల్సింది. ఎంత గుంజినా జానెడు కూడా లేవలేదు. అరుగుల మీద బియ్యం చెరుగుతున్న ఆడవాళ్లు చేటలు ఆపి చూస్తున్నారు. ఒక్కరూ లేచి రాలేదు. చివరికి సాయిబే వచ్చి లేపి వెళ్లిపోయాడు.

ఆ రోజు నిర్ణయించుకున్నాను. ఒళ్లు తగ్గించుకోవడం అందం కోసమో ఆరోగ్యం కోసమో కాదు. పడితే నా బండి నేను లేపుకోవాలి, అంతే. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె ఒకటి తినేదాన్ని. తెల్లవారుతూనే ఇంజను ఆపి, బండిని మెయిన్ రోడ్డు దాకా నెట్టుకుంటూ పోయి మళ్లీ నెట్టుకుంటూ వచ్చేదాన్ని. పెరట్లో పాత బొంతలు పరిచి వాటి మీద బండిని పండబెట్టి, లేపడం నేర్చుకున్నాను. చేతులతో గుంజితే అది లేవదు. హ్యాండిలు ఒక పక్కకు తిప్పి, మోకాళ్లు వంచి కూర్చుని, తొడల బలంతో లేవాలి. మొదటి నెల తొడలు రాత్రంతా సలిపేవి. మంచం దిగి దొడ్డికి పోవాలంటే గోడ పట్టుకునేదాన్ని. మా ఆయన నన్ను చూసి ఈలవేసేవాడు.

దవాఖానాలో మిఠాయి మానడం బండి లేపడం కంటే కష్టమైంది. ఒక ముసలామె లడ్డూ నా నోటి దాకా తెచ్చింది. నేను తల పక్కకు తిప్పుకున్నాను. ఆమె చేయి అట్లాగే ఆగిపోయింది. "బిడ్డ పుట్టిందనే గదా నర్సమ్మా తింటలేవు? కొడుకు పుడితె తినకపోదువా?" అంది. వార్డంతా నా వైపు చూసింది. మనవరాలు పుట్టినందుకు కళ్లనీళ్లు పెట్టుకుంటూ సంబరపడుతున్న మనిషి ఆమె. ఆ లడ్డూ నేను మొత్తం తిన్నాను. ఆ రాత్రి రొట్టె కూడా మానేశాను. కోపం ఆమె మీద కాదు, నా మీదే. నా మీద నాకు కోపం వచ్చింది అదొక్కసారే.

కొన్ని నెలలకు జాకెట్లు వదులయ్యాయి. మా సందులో ఇక రకరకాల రోగాలు నాకు అంటగట్టారు. సుగరు వచ్చిందా అని ఒకామె అడిగింది. కాకరకాయ రసం తాగమని ఇంకొకామె చెప్పింది. ఎదురింటామె అడగలేదు, మా ఇంట్లో మంచినీళ్లు తాగడం మానేసింది. లావుగా ఉన్నప్పుడు నవ్విన నోళ్లే ఇప్పుడు చప్పరించాయి. మా అత్త మాత్రం రోగం అనలేదు. "మొగడు కండ్ల ముందట ఉండంగ ఎవలి కోసమే గీ సోకు?" అంది. నేను గిన్నెలు కడుగుతున్నాను. ఒక్క గిన్నె కాస్త గట్టిగా పెట్టాను.

అంతలోనే సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోలు దాటలేదు. మొదటి రోజే పొద్దున చుడీదార్ వేసుకుని, చున్నీ నడుముకు కట్టి, బండి తీశాను. రెండో కిక్కుకే స్టార్టయింది. మా ఆయన పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఎంత దూరం పోతావో చూస్తానన్నాడు. చూస్తూ ఉండమన్నాను.

దారిలో మేడిపల్లి దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. అటు పోయేవాళ్లు ఎవరైనా బండి దిగి, ఇంజను ఆపి, ఆ జనం చివరి దాకా నెట్టుకుంటూ పోవాల్సిందే. తెలంగాణ నాకు కూడా కావాలి. అందుకు ఒక మైలు నెట్టమన్నా నెట్టేదాన్ని. నేను దిగి నెడుతుంటే, కొట్టేసిన చెట్టుకొమ్మ ఈడ్చుకొస్తున్న ఒకడు వెనకవాడితో అన్నాడు. "చెట్టు గొట్టుడెందుకురా, గీ అక్కను అడ్డం పండబెడితె సాలు గదా."

వాడికి నా పాత బరువు తెలియదు, తెలిసి ఉంటే ఇంకేమనేవాడో. "పండుకుంట తమ్మీ. మీ ఇంట్ల నొప్పులొస్తె నువ్వే పురుడు పోసుకో" అన్నాను. పొయ్యి దగ్గర కూర్చున్న ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. ఈసారి నవ్వు నా మీద కాదు. డ్యూటీకి గంట కొట్టకముందే చేరాను. డాక్టరమ్మ జగిత్యాల పిల్ల మాట మళ్లీ ఎత్తలేదు.

సమ్మె నడుస్తుండగానే మా ఊరివాళ్లు కోరుట్ల నుంచి జగిత్యాలకు బైక్ ర్యాలీ తీశారు. మా ఆయన పెద్ద జెండా కట్టుకుని బయలుదేరాడు. నేను డ్యూటీకని వెనకాలే, ర్యాలీ దుమ్ము తగలనంత దూరంలో పోతున్నాను. దారిలో ఆయన జెండా ముడి ఊడితే ఆగి కట్టుకున్నాడు. మిగతావాళ్లు ముందుకు పోయారు. వాళ్లను అందుకోవాలని ఒక చేత్తో జెండా, ఒక చేత్తో బండి పట్టుకుని ఎగిరినట్టు పోయాడు. రోడ్డు పక్క కంకర కుప్ప మీదికి ఎక్కి పడ్డాడు. ర్యాలీ నినాదాలతో మలుపు తిరిగిపోయింది. ఎవరూ వెనక్కి చూడలేదు.

నేను పోయేసరికి బండి కింద ఆయన కాలు ఇరుక్కుని ఉంది. జనం కోసం అటూ ఇటూ చూస్తున్నాడు, నన్ను చూడగానే మొహం వాడిపోయింది. హ్యాండిలు తిప్పి, మోకాళ్లు వంచి, బండి లేపి స్టాండు వేశాను. కాలు నొక్కి చూశాను. ఎముక బాగానే ఉంది, మడమ బెణికింది. నా చున్నీతోనే గట్టిగా కట్టాను. ఆయన నా వైపు చూడకుండా, నేల చూస్తూ అన్నాడు.

"ఇంట్ల అడిగితె నువ్వు నా వెనకాల ఉంటివని చెప్పు."

నేను వినబడనట్టు ఊరుకుంటే, అర్థం కాలేదనుకుని మళ్లీ చెప్పాడు. ర్యాలీలో ఒక్కడే పడ్డాడంటే నవ్వుతారట. నేను ఎక్కానంటే ఎవరూ ఏమీ అడగరట. తన పరువు కోసం ఇంకోసారి నన్ను వెనక సీటు మీద కూర్చోబెడుతున్నాడు. అప్పుడు నాకు ఒక్కసారిగా తెలిసింది, మొదటిసారి ఆయన నోరు జారి అనలేదు. అనడం సులువు కాబట్టి అన్నాడు. ఆయన బండిని పక్కనే చాయ్ హోటల్‌లో పెట్టించి, ఆయనను నా వెనక ఎక్కించుకుని దవాఖానాకు తీసుకుపోయాను. దారంతా నా భుజం పట్టుకుని మెల్లగా పొమ్మన్నాడు. నేను మెల్లగా పోలేదు.

సాయంత్రం ఆయన కుంటుకుంటూ ఇంటి ముందుకొచ్చేసరికి మా అత్తతో పాటు సందు ఆడవాళ్లంతా అరుగు మీద ఉన్నారు. అత్త కొడుకు కాలు చూసింది, నన్ను చూసింది. ఆయనను అడగలేదు.

"ఎక్కినవా మల్ల?" అంది నన్ను.

ఆయన నా వైపు చూశాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషి నన్ను బతిమాలినట్టు చూసింది ఆ ఒక్క క్షణమే. జాలి కలగలేదు నాకు. కలగనందుకు ఇప్పటికీ బాధ లేదు.

"ఎక్కలే అత్తమ్మా. ఒక్కడే పడ్డడు. రుద్రంగి కాడ గూడ ఆయనే పడేసిండు, ఫోను మాట్లాడుకుంట" అన్నాను.

ఎదురింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన గోడ పట్టుకుని లోపలికి పోయాడు. అత్త నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"నువ్వు ఊకుంటె అయిపోవు గదనే. రేపటి సంది నా కొడుకును చూసి ఊరంత నవ్వుతరు."

"నవ్వనీ అత్తమ్మా. నన్ను చూసి నవ్విన నాడు నువ్వు గూడ నవ్వితివి."