రెండు మొద్దులు

పళ్ళ మీద ముసిరే సన్న ఈగలుంటాయే, వాటి జన్యువుల పట్టికను చక్కదిద్దడం ఆవిడ ఉద్యోగం. ఒకే జన్యువు రెండుచోట్ల నమోదై ఉంటే కలిపేయాలి. ఇరవయ్యేళ్ళుగా అదే పని. ఇంట్లో ఒకే మందు రెండు సీసాల్లో కనబడినా ఒకదాంట్లోకి ఒంపేసేదాకా ఆవిడకు తోచదు. "నాదీ మా తమ్ముడిదీ ఒకటే ముక్కు, కాస్త చూసుకో తల్లీ" అని మొగుడు ఏడిపిస్తుంటాడు.

ఆ సోమవారం ఒక పరిశోధకురాలి ఉత్తరం వచ్చింది. "నేను నిద్ర మీద పనిచేస్తున్నాను. ‘మొద్దు’ జన్యువు చెడిన ఈగలు అడిగితే మీ సంస్థ నుంచి పంపారు. రెండేళ్ళయింది. అవి నిద్రపోవడం లేదు, నన్నూ పోనివ్వడం లేదు."

ఆవిడ నవ్వుకుంది. జన్యువు చెడితే ఈగకేమవుతుందో అదే దానికి పేరుగా పెట్టడం ఈ రంగంలో అలవాటు. ‘మొద్దు’ అంటే వీపు మీది వెంట్రుకల కొసలు మొద్దుబారిన ఈగ. దానికీ నిద్రకూ ఏం సంబంధం? ఎవరో గానీ పాపం పప్పులో కాలేసింది అనుకుంది.

అంతలో అక్క ఫోను. "ఏమే మొద్దూ! మూడుసార్లు చేశాను. ఆఫీసులో కూడా నిద్రేనా?"

చిన్నప్పుడు మంచం ఎత్తి కుదిపినా లేచేది కాదని అక్క పెట్టిన పేరది. రోజూ వినే పిలుపే. ఆ వేళ మాత్రం ఉత్తరంలోని ‘మొద్దు’ చటుక్కున గుర్తొచ్చింది.

"తర్వాత మాట్లాడతానక్కా" అని పెట్టేసి పాత నమోదులు తీసింది. ఉన్నవి రెండు వ్యాసాలు. ఇద్దరు శాస్త్రవేత్తలు తమ తమ జన్యువులకు పెట్టిన పేరు ఒక్కటే, ‘మొద్దు’. ఒకాయనది వెంట్రుకల సంగతి, రెండో ఆయనది మొద్దునిద్ర సంగతి. పేరు చూసి రెండిటినీ కలిపేసిన మహానుభావులెవరా అని చూస్తే, ఎనిమిదేళ్ళ కిందటి తన పొడి అక్షరాలే! పక్కన ఇంకో ముక్క: ‘రెండో సీసా ఈగలు అక్కర్లేదు, పారేయండి.’ ఆ నిద్ర ఈగలు ఈ భవనంలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు.

మెట్లు ఎలా దిగిందో ఆవిడకే తెలియదు. కింది గదిలో ఈగలకు మేత మార్చే పెద్దాయన సీసాలు తుడుస్తున్నాడు.

"బాబాయ్, ఎప్పుడో ‘మొద్దు’ రెండో సీసా పారేయమన్నాను. పారేశారా?" అని అడిగింది.

ఆయన చివరి అరలోంచి ఒక సీసా తెచ్చాడు. దాని మీద చీటీ: ‘లేనివి’. వేలితో తట్టాడు. ఈగలు కదల్లేదు. మళ్ళీ తట్టాడు. అడుగున ఒకటి బద్ధకంగా కాలు చాపింది.

"కాగితంలో లేవుగా, అందుకే ఆ పేరు పెట్టా. ఆ మొదటి సీసాలోవైతే చెయ్యి చూస్తేనే ఎగురుతాయమ్మా. రెండూ ఒకటెలా అవుతాయి? చంపడానికి మనసొప్పక మేత మారుస్తూనే ఉన్నా."

ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది. "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"అయ్యో, పైకొచ్చి మరీ చెప్పానుగా! ‘పట్టికలో ఒకటే ఉంది బాబాయ్’ అన్నారు. తల కూడా ఎత్తలేదు."

అది ఆవిడకు గుర్తు కూడా లేదు. అందుకే ఎక్కువ సిగ్గేసింది. పైకెళ్ళి రెండు నమోదులనూ విడదీసింది, ఉత్తరం రాసినావిడకు క్షమాపణ చెప్పింది. కారణం రాయాల్సిన చోట, ‘కలిపింది నేనే. సీసా చూడలేదు, చూసినాయన చెబితే వినలేదు’ అని రాసింది. కింద ఈసారి పొడి అక్షరాలు వేయలేదు, పూర్తి పేరు పెట్టింది.